పసుపు క్యాప్సూల్ మింగితే స్టెమ్ సెల్స్‌కి బలమా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నరాల రిపేర్ కోసం ఎక్కించే స్టెమ్ సెల్స్‌ని (రకరకాల కణాలుగా మారగల మూలకణాల్ని) ల్యాబ్‌లో పెంచడం నా పని. మొక్కల పదార్థాలతో ఈ కణాలు బాగా పనిచేస్తాయట అని వార్త వస్తే చాలు, అందరూ ఇవే అడుగుతారు.

అపోహ: పసుపు క్యాప్సూల్స్ వేసుకుంటే చాలు.

వాస్తవం: మేం ఇచ్చేది మనిషికి కాదండి, డిష్‌లో ఉన్న కణాలకి. దెబ్బతిన్న వెన్నుపాములోకి ఎక్కించిన కణాల్లో చాలావరకు కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి, అక్కడ వాపు, ఆక్సిజన్ అందదు, అందుకే ముందే పసుపులో ఉండే కర్క్యుమిన్ లాంటిది కాస్త తగిలించి ఆ ఒత్తిడికి తట్టుకునేలా చేసి పంపొచ్చా అని చూస్తున్నారు. మింగిన కర్క్యుమిన్ అయితే పేగు, లివర్ దాటేలోపే రూపం మారిపోతుంది, రక్తంలోకి చేరేది బాగా తక్కువ.

అపోహ: ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది.

వాస్తవం: తక్కువ మోతాదులో కణాలు ప్లేట్‌కి అతుక్కుని చక్కగా పరుచుకుని ఉంటాయి, అదే మోతాదు పెంచితే తెల్లారేసరికి గుండ్రంగా ముడుచుకుని పైకి తేలిపోతాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పైగా కర్క్యుమిన్ నీళ్ళలో సరిగా కరగదు, డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించాలి, కాబట్టి పక్కన ఒట్టి డీఎంఎస్ఓ వేసిన డిష్ పెట్టకపోతే ఏ మార్పు దేనివల్లో తెలీదు. కణాలు పెరిగే ద్రవంలో సీరం (రక్తం నుంచి తీసే ద్రవం) లేకపోతే కర్క్యుమిన్ అరగంటలో 90 శాతం దాకా విరిగిపోతుంది కూడా. ఇంకోటి, అది తనంతట తనే మైక్రోస్కోప్ కింద ఆకుపచ్చగా వెలుగుతుంది, ఆ వెలుగుని చూసి రిజల్ట్ అనుకుంటే అంతే సంగతులు.

అపోహ: మొక్కల నుంచి వచ్చిందేగా, నరాలకి హాని ఉండదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా భయమేస్తుంది. బిళ్ళగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్, యూ చెట్టు నుంచి వచ్చే పాక్లిటాక్సెల్ రెండూ క్యాన్సర్ మందులే, రెండిటికీ చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం తెలిసిన సైడ్ ఎఫెక్టే. అదే పాక్లిటాక్సెల్‌ని చాలా తక్కువ మోతాదులో ఎలుకల వెన్నుపాము గాయం దగ్గర ఇస్తే మచ్చ తగ్గి నరం తంతులు పెరిగాయని 2011లో చూపించారు. గ్రీన్ టీ సప్లిమెంట్లలో ఉండే ఈజీసీజీ అనే పదార్థం కూడా రోజుకి 800 మిల్లీగ్రాములు దాటితే లివర్ ఎంజైములు పెరగొచ్చు.

అపోహ: ఎలుకల్లో పనిచేసింది కాబట్టి మనకీ వచ్చేసినట్టే.

వాస్తవం: చేతులు కాళ్ళ నరాలు తిరిగి పెరిగేది రోజుకి సుమారు 1 మిల్లీమీటరు. ఎలుక కాలు ఎంత, మనిషి చెయ్యి ఎంత! భుజం దగ్గర తెగిన నరం వేళ్ళ దాకా రావాలంటే ఏడాది దాటిపోతుంది, అన్నాళ్ళూ దారిలో ష్వాన్ కణాలు (నరం తంతుల్ని చుట్టుకుని వాటికి ఆసరా ఇచ్చే కణాలు) ఓపిగ్గా నిలబడాలి. వాటిని అలా నిలబెట్టడానికి ఈ మొక్కల పదార్థాల మోతాదు ఎంత, ఎప్పుడివ్వాలి అన్నదే ఇప్పటికీ వెతుకుతున్నాం.