లెక్కలు రావాలంటే కిట్ ఉండాల్సిందేనా? అపోహలు - వాస్తవాలు

హైస్కూల్ లెక్కల టీచర్లకు శిక్షణ ఇస్తుంటాను. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: "లెక్కల కిట్ (చేత్తో చేసి చూసే వస్తువుల పెట్టె), స్మార్ట్ బోర్డు ఉంటే పిల్లలకు లెక్కలు అవే వస్తాయి." ఈ నమ్మకంతోనే యాజమాన్యాలు డబ్బంతా సామగ్రి మీద పెడతాయి. ఆ సామగ్రితో కాసేపు కూర్చుని చేసి చూసుకునే తీరిక మాత్రం టీచరుకు ఇవ్వవు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే.

పిల్లలు ఎక్కడ తప్పుతారో, ఎందుకు తప్పుతారో టీచరుకు ముందే తెలిసి ఉంటేనే ఏ సామగ్రి అయినా పనికొస్తుంది. విషయం తెలియడం వేరు, దాన్ని బోధించడం తెలియడం వేరని అమెరికా విద్యా మనస్తత్వవేత్త లీ షుల్మన్ 1986లోనే చెప్పారు. క్లాసులో ధైర్యం వచ్చేది ఆ రెండో దాని వల్లే.

ఒక టీచరమ్మ నన్ను పక్కకు పిలిచి, "సార్, కిట్ తెరవాలంటేనే టెన్షన్. పిల్లలు ఏదైనా అడిగితే?" అన్నారు. ఆ భయం ఆవిడ ఒక్కరిదే కాదు, దాన్ని చేతకానితనం అనడం అన్యాయం. కిట్ పక్కన పెట్టి ఒక చదరపు కాగితం తీసుకున్నాం. భుజం 5, అంటే 3 + 2. (ఎ + బి)² అనగానే చాలామంది పిల్లలు ఎ² + బి² అని రాసేస్తారు, అంటే 9 + 4 = 13. కాగితం వైశాల్యం మాత్రం 25. మిగతా 12 ఎక్కడుంది? గీతలు గీసి కత్తిరిస్తే 3 × 2 ముక్కలు రెండు చేతికొస్తాయి. 2ఎబి అంటే అవే.

మర్నాడు క్లాసులో ఒక పిల్లాడు "మైనస్ అయితే, అంటే (ఎ - బి)² అయితే ఎలా కత్తిరించాలి?" అని అడిగాడట. ఆవిడ "రేపు చేద్దాం" అన్నారు, చేసి చూపించారు కూడా. (5 - 2)² కావాలంటే, అదే కాగితం 25లోంచి 5 × 2 పట్టీలు రెండు తీసేస్తే మూలనున్న 4 రెండుసార్లు పోతుంది, అందుకే ఒకసారి తిరిగి కలపాలి. 25 - 20 + 4 = 9. ప్లస్ బి² ఎందుకొచ్చిందో ఆ క్లాసులో ఇక ఎవరికీ బట్టీ పట్టించక్కర్లేదు.

"రేపు చేద్దాం అంటే పిల్లల దగ్గర పరువు పోతుంది" అన్నది ఇంకో అపోహ. పోదు. తప్పు జవాబు చెప్పి దాన్నే పట్టుకు కూర్చుంటే పోతుంది.

రేఖలు, ఆకారాలు కదిలించి చూపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ జియోజీబ్రా ఉంటే టీచరు అక్కర్లేదట! వాలు మారిస్తే రేఖ తిరగడం అది చూపిస్తుంది. ఎందుకు తిరిగిందని పిల్లల్ని అడగాల్సింది టీచరే.

ఇవన్నీ చేస్తే సిలబస్ అవ్వదంటారా? ప్రతి పాఠానికీ అక్కర్లేదు. క్లాసంతా ఒకే తప్పు చేసే చోట చేయండి చాలు, ముందు మీ బల్ల మీద ఒకసారి చేసి చూసుకుని.