టార్గెట్ల చర్చకు తరగతి గదిలో మూలాలు

మార్చి దగ్గరపడితే హనుమకొండ బ్యాంకు శాఖల్లోనైనా, మడికొండ ఐటీ కార్యాలయాల్లోనైనా మాటలన్నీ టార్గెట్ చుట్టూనే తిరుగుతాయి. అంకె పెద్దదా, చిన్నదా అనే వాదన జరుగుతుంది కాని, ఆ అంకెను ఉద్యోగి ఏ దృష్టితో చూస్తున్నాడన్న ప్రశ్న చాలా అరుదుగా వస్తుంది. మనస్తత్వ శాస్త్రం ఈ ప్రశ్నను పట్టించుకోవడం మొదలుపెట్టి సుమారు ఐదు దశాబ్దాలు గడిచాయి.

అంతకుముందు ప్రేరణ అంటే మనిషిలో ఎక్కువగానో తక్కువగానో ఉండే ఒక శక్తి అని భావించేవారు. దానిని శిక్షణతో పెంచవచ్చని నిరూపించడానికి అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్లీలాండ్ 1960లలో కాకినాడ వ్యాపారులను ఎంచుకోగా, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో ఆ తరగతులు జరిగాయి. కష్టమైన, స్పష్టమైన లక్ష్యం పెడితేనే పని బాగా సాగుతుందని ఎడ్విన్ లాక్ 1968లో ప్రతిపాదించాడు. నేటి టార్గెట్ పద్ధతికి బలమైన శాస్త్రీయ సమర్థన అక్కడినుంచే దొరికింది.

మలుపు మాత్రం బడి పిల్లల నుంచి వచ్చింది. 1978లో ప్రచురితమైన అధ్యయనంలో కరోల్ డ్వెక్, కరోల్ డీనర్ పిల్లలకు ముందు తేలికైన చిక్కుముడులు, ఆపై వారి స్థాయికి మించినవి ఇచ్చారు. కొందరు తమకు తెలివి లేదంటూ చేతులెత్తేశారు. మరికొందరు ఓటమికి కారణాలు వెతకకుండా, ఇంకో దారి పడదామని తమలో తామే చెప్పుకున్నారు. మొదట్లో ఇద్దరి సామర్థ్యమూ ఒకటే కావడం ఇక్కడ గమనించాల్సిన విషయం. పదేళ్ల తర్వాత డ్వెక్, ఎలెన్ లెగెట్ ఈ తేడాకు మూలం లక్ష్యంలోనే ఉందని వాదించారు: ఒకరిది నేర్చుకోవాలన్న లక్ష్యం, మరొకరిది తెలివి నిరూపించుకోవాలన్న లక్ష్యం. ఇంటర్ ర్యాంకుల హోరులో చదివిన వరంగల్ పాఠకులకు రెండోది వివరించనక్కరలేదు.

ఈ భావనను డాన్ వాండవాల్ 1997లో ఉద్యోగ రంగానికి తగిన కొలమానంగా మలిచాడు. ఆండ్రూ ఎలియట్ తదితరులు అప్పటికే చూపిన విభజనను అనుసరించి, నిరూపించుకోవాలన్న కోరికను, అసమర్థుడిగా తేలకూడదన్న భయాన్ని వేరుచేశాడు. నా దృష్టిలో ఈ చరిత్రలో అత్యంత ఉపయోగకరమైన అడుగు ఇదే. 2007లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణలో నేర్చుకునే దృష్టికి పనితీరుతో స్వల్పమైన సానుకూల సంబంధం, భయానికి ప్రతికూల సంబంధం కనిపించగా, నిరూపించుకోవాలన్న కోరికకు చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు. పోటీతత్వమే దోషమన్న ప్రచారానికి ఈ ఫలితాలు ఆధారం కావు.

పని స్వభావం సంగతి ఇంకా ముఖ్యం. రూత్ కాన్ఫర్, ఫిలిప్ అకర్మన్ 1989లో అమెరికా వైమానిక దళ శిక్షణార్థుల చేత విమాన రాకపోకల నియంత్రణను పోలిన అభ్యాసం చేయించి, పని ఇంకా చేతికి అలవడని దశలో పెట్టిన కఠిన లక్ష్యం సాయపడకపోగా అడ్డుపడవచ్చని గుర్తించారు. పని అలవడ్డాక అదే లక్ష్యం మేలు చేసింది. కొత్తవాడలో ఏళ్ల తరబడి జంపఖానాలు నేసిన చేతికి రోజుకిన్ని అన్న లెక్క పెట్టవచ్చు. మొన్ననే మగ్గమెక్కిన వ్యక్తికి అదే లెక్క పెడితే అతని ధ్యాస నేత మీద నుంచి అంకె మీదకు పోతుంది. బ్యాంకులో కొత్తగా చేరిన ఉద్యోగికి మొదటి నెలలోనే పాతవారితో సమానంగా బీమా పాలసీల అంకె ఇవ్వడమూ ఇలాంటిదే.

జెరార్డ్ సైట్స్, గ్యారీ లాథమ్ బృందం 2004లో లక్ష్యం పెట్టడం, దాన్ని చూసే దృష్టి అనే ఈ రెండు పాయలను కలిపి పరీక్షించింది. సంక్లిష్టమైన పనిలో ఫలితం అంకెకు బదులు, ఇన్ని కొత్త పద్ధతులు కనుగొనాలన్న లక్ష్యం పెట్టినప్పుడు పనితీరు మెరుగైంది. పైవారు ఇలాంటి స్పష్టమైన లక్ష్యం పెట్టకుండా, చేతనైనంత చేయమని వదిలేసినప్పుడే నేర్చుకోవాలా, నిరూపించుకోవాలా అన్న మనిషి సహజ ధోరణి ప్రభావం ఎక్కువగా బయటపడిందని కూడా ఆ బృందం గమనించింది.