మార్చి మొక్క, మృగశిర మొక్క: హైదరాబాద్ పార్కుల్లో వసంత సేవ వెనుక కథ

మార్చి 21న అటవీ దినోత్సవం, ఏప్రిల్ 22న ధరిత్రీ దినోత్సవం. ఈ రెండు తేదీల మధ్య హైదరాబాద్‌లో కాలనీ పార్కుల్లో, కాలేజీల్లో, ఆఫీసు ఆవరణల్లో ఏటా మొక్కలు నాటుతారు. గుంత తవ్వి, మొక్క పెట్టి, బిందెడు నీళ్లు పోసి ఇళ్లకు వెళ్తారు. రోహిణి కార్తె వచ్చేసరికి చాలా గుంతల్లో ఎండుపుల్లే మిగులుతుంది. నాటినవాళ్ల శ్రద్ధను శంకించాల్సిన పని లేదు. మనది కాని వాతావరణానికి పెట్టిన ముహూర్తాన నాటుతున్నాం, అంతే.

వసంతంలో చెట్టు నాటే పండుగ 1872 ఏప్రిల్ 10న అమెరికాలోని నెబ్రాస్కాలో మొదలైంది. అక్కడ అప్పటికి మంచు కరిగి నేల తడిగా, మెత్తగా ఉంటుంది. ధరిత్రీ దినోత్సవం కూడా 1970లో ఆ దేశంలోనే పుట్టింది. 1971లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అటవీ దినోత్సవానికి మార్చి 21ని ఎంచుకుంది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజు అది. 2012లో ఐరాస సర్వసభ్య సభ ఆ తేదీనే అంతర్జాతీయ దినంగా ప్రకటించింది. మన దేశంలో వన మహోత్సవాన్ని మాత్రం జూలై మొదటి వారంలో పెట్టారు. 1950లో దాన్ని ప్రారంభించిన అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ, అంతకు రెండేళ్ల ముందు హైదరాబాద్ సంస్థానంలో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్న మనిషే. 2015లో తెలంగాణ ప్రభుత్వ హరితహారం మొదలైందీ జూలైలోనే. ప్రభుత్వ కార్యక్రమాలు వానను చూసి తేదీ పెట్టుకుంటే, స్వచ్ఛంద కార్యక్రమాలు ఎక్కువగా ప్రపంచ దినాలను పట్టుకుని నడిచాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

లెక్క వేసి చూడండి. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మార్చి, ఏప్రిల్ రెండూ కలిపినా సగటున ఐదు సెంటీమీటర్లు దాటదు. మార్చిలో నాటిన మొక్కకు వాన పడేదాకా దాదాపు 100 రోజులు మనమే నీళ్లు పోయాలి. మూడు రోజులకోసారి 10 లీటర్లు పోస్తే ఒక్కో మొక్కకు 330 లీటర్లు, వంద మొక్కలకు 33,000 లీటర్లు కావాలి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. ఎండాకాలంలో ఇళ్లకే ట్యాంకర్ దొరకడం కష్టమైన ఊళ్లో వాటిని పార్కుకు ఎవరు తెస్తారు? నీళ్లు పోసినా చాలా మొక్కలు నిలవవు. పాలిథిన్ సంచిలో చుట్టలు తిరిగిన వేళ్లు, ఎండకు ఇటుకలా గట్టిపడిన గుంత గోడలను చీల్చుకుని బయటికి పోలేవు. పోసిన నీరు ఆ గుంతలోనే నిలిచి వేరు కుళ్లుతుంది, లేదా మొరంలోకి జారిపోయి వేరు ఎండుతుంది.

మరి వసంతంలో పార్కుకు వెళ్లి చేయాల్సిన పనేమిటి? మొదటిది లెక్కపెట్టడం. ఈ పనికి హైదరాబాద్‌లో పాత చరిత్రే ఉంది. 1931లో పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ నిజాం సంస్థానమంతటా తిరిగి పక్షుల సర్వే మొదలుపెట్టారు. 1980లో నగరంలో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఏర్పడింది. ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా జరిగే పక్షుల లెక్కింపు, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో 2013లో మన దేశమూ చేరింది. నియమం సులువు: ఒకచోట కనీసం 15 నిమిషాలు ఉండి, చూసిన, విన్న ప్రతి పక్షినీ జాతివారీగా సంఖ్యతో రాయాలి. కొత్తవాళ్లు సాధారణంగా రెండు తప్పులు చేస్తారు. పావురం, కాకి, గోరింకలను మామూలు పక్షులే కదా అని వదిలేస్తారు. పిచ్చుకలు తగ్గాయని ఈరోజు చెప్పగలుగుతున్నామంటే అవి గుంపులుగా ఉన్న రోజుల్లో ఎవరో వాటిని లెక్కపెట్టి ఉంచబట్టే. రెండో తప్పు, మోదుగ మీద వాలి లేచి మళ్లీ వాలే గులాబీ గోరింకల గుంపును మూడుసార్లు కలిపేయడం. గుంపు కనిపిస్తే ముందు పది పక్షులను వేరుగా ఎంచి, అలాంటి పదులు ఎన్ని ఉన్నాయో చూసి, ఒకేసారి రాసుకోవాలి.

ఈ రోజుల్లోనే చాలా పక్షులు గూళ్లు పెడతాయి. తీతువును చూడండి. గూడంటూ కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న పల్లం చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్ల మచ్చలుండే ఆ గుడ్లు పక్క రాళ్ల నుంచి వేరుగా కనపడవు. పిట్ట నెత్తిమీద అరుస్తూ తిరుగుతోందంటే అడుగు అక్కడే ఆపి, వచ్చిన దారినే వెనక్కి నడవాలి. పికిలిపిట్ట నడుమెత్తు పొదలో గూడు కడుతుంది కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా పొదలు కత్తిరించే పని పెట్టుకోకూడదు. ఫోన్‌లో కూత వినిపించి పక్షిని రప్పించడమూ ఈ కాలంలో మానాలి. పోటీకి మరో మగపిట్ట వచ్చిందనుకుని అది గూడు వదిలి వస్తుంది.

రాలిన ఆకును ఊడ్చి కాల్చడం మరో పాత అలవాటు. నేల తడిని కాపాడే దుప్పటి, నేల మీద పురుగులు ఏరుకునే పక్షులకు మేత, రెండూ ఆ మంటలోనే పోతాయి. నడకదారి మీది ఆకును చెట్ల మొదళ్లకు చేర్చి, మొదలు చుట్టూ బెత్తెడు జాగా వదిలితే చాలు.

ఎక్కడ ఏ పని చేయవచ్చో చట్టం చెబుతుంది. ఒకప్పుడు నిజాం వేటకు వాడిన వనస్థలిపురం వైపు భూమి 1975లో, మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా హరిణ వనస్థలి అయింది. 1994లో అదీ, చిల్కూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానాలయ్యాయి. చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న, 400 ఎకరాలకు కాస్త తక్కువ అడవి 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం అయింది. 1972 వన్యప్రాణి చట్టం 35వ సెక్షన్ ప్రకారం అనుమతి లేనిదే ఈ మూడింటి నుంచి విత్తనం కూడా తీసుకుపోకూడదు. కలుపు తీయాలన్నా అటవీ శాఖ అనుమతి, వెంట సిబ్బంది ఉండాలి. కాలనీ పార్కులో అంత కట్టడి లేదు. అయినా తోటమాలిని అడగకుండా ఏదీ పీకకండి.

కలుపులో పెద్దది లాంటానా. 1800ల తొలి ఏళ్లలో కలకత్తా తోటకు అందం కోసం తెచ్చిన మొక్క ఇది. చాలామంది దాన్ని నేల మట్టానికి నరుకుతారు, కాలుస్తారు. వేరు తల బతికే ఉంటుంది గనుక తొలకరికి ఒక్క కాండం ఉన్నచోట పది చిగుళ్లు వస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం చూపిన పద్ధతి వేరు: తల్లివేరును నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున కోసి, పొదను ఎత్తి, వేళ్లు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. ఒకరు తోలు గ్లవ్స్‌తో కొమ్మలు ఎత్తి పట్టుకుంటే మరొకరు గడ్డపారతో మట్టి తీసి కోస్తారు. మార్చి నేలలో గడ్డపార దిగదు. లాగితే వేరు తల లోపలే తెగుతుంది. అందుకే వసంతంలో పొదలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి, రెండు మంచి వానల తర్వాత తీయాలి. అదీ ఒకేసారి మొత్తం కాదు. పక్షులకు వేరే చాటు లేనిచోట ముక్కలు ముక్కలుగా తీయాలి. పికిలిపిట్టలు వాలే చెట్ల కింద మూడేళ్లపాటు కొత్త మొలకలు వస్తూనే ఉంటాయి. ఖాళీ అయిన నేలలో స్థానిక గడ్డి వేయకపోతే వయ్యారిభామ ఆక్రమిస్తుంది.

ఈ లెక్కలూ జాబితాల విలువ 2025 వసంతంలో నగరమంతా చూసింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను మార్చి చివర్లో బుల్డోజర్లు చదును చేస్తుండగా అక్కడి విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. కంచ అంటే పశువులు మేసే బీడు. కాగితం మీద అది ఖాళీ జాగా. విశ్వవిద్యాలయ ఆవరణలో ఏళ్లుగా నమోదైన 200కు పైగా పక్షి జాతుల జాబితా ఆ భూమిలో ఏముందో పేరుపేరునా చెప్పింది.

ఇక విత్తనాలు. మార్చి నుంచి మే దాకా సేకరణకు మంచి కాలం. రోడ్ల పక్క, ఆవరణల్లో, అనుమతితో, ఒకే చెట్టు నుంచి కాకుండా కనీసం పది చెట్ల నుంచి ఏరాలి. ఒక్కో చెట్టు కాయల్లో ఐదో వంతు మించి తీయకూడదు. రేల గింజ పెంకు గట్టిది. మొలక వచ్చే కన్ను తగలకుండా రెండో వైపు గరుకు కాగితంతో గీసి, ఒక రాత్రి నానబెట్టాలి. మోదుగ కాయలో ఒకటే గింజ, అదీ కొసన ఉంటుంది. దాన్ని నిల్వ ఉంచకుండా ఆ వానకే వేయాలి. వేపపండు జూన్‌లో రాలుతుంది. గుజ్జు కడిగి నీడన ఆరబెట్టిన గింజకు రెండు మూడు వారాలే ప్రాణం. ఏప్రిల్, మే నెలల్లో అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంతలు తవ్వి ఎండకు వదిలేయండి. మృగశిర కార్తె దాటాక, మట్టి జానెడు లోతు తడిసిందని వేలు పెట్టి చూసుకున్నాకే సంచి కోసి, చుట్టుకున్న వేళ్లు విడదీసి, మొక్కను గుంతలో దించండి.