కందగడ్డను ఇంగ్లీషులో ఏమనాలి? అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్నత పాఠశాల పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఏటా శివరాత్రి వెళ్లగానే పండుగ గురించి పది వాక్యాలు రాయమంటాను. ఏటా అదే తప్పు. ఉపవాసం నాడు అమ్మ కందగడ్డలు ఉడకబెట్టిందని చెప్పబోయి, ‘యామ్’ ఉడకబెట్టిందని రాస్తారు. పిల్లలను అనడానికి లేదు. నిఘంటువులో ‘కంద’ ఎదురుగా ఆ మాటే ఉంటుంది మరి.

అపోహ: కందగడ్డ అంటే యామ్.

వాస్తవం: శివరాత్రికి మనం తినే ఎర్రతోలు గడ్డ స్వీట్ పొటాటో. కోస్తాలో దాన్నే చిలగడదుంప అంటారు. ఇంకా కొన్నిచోట్ల మొరంగడ్డ, గెనుసుగడ్డ అన్న పేర్లూ ఉన్నాయి. కోస్తావారి ‘కంద’ వేరు. గరుకుతోలుతో, ఏనుగు పాదంలా ఉండే పెద్ద గడ్డ అది. ముక్కలుగా కోసి తూకానికి అమ్ముతారు, బచ్చలికూరతో కలిపి వండుతారు. ఇంగ్లీషులో ఎలిఫెంట్ ఫుట్ యామ్. నిఘంటువు చెబుతున్నది ఈ కంద సంగతి.

అలాగని మన మాట తప్పు కాదు. సంస్కృతంలో కందం అంటే గడ్డ. కందమూలాల్లో ఉన్నదీ అదే. ఒక సీమవారు దాన్ని ఒక గడ్డకు పెట్టుకున్నారు, మరో సీమవారు ఇంకో గడ్డకు. ఇంట్లో అమ్మ అనే మాటను బడిలో తప్పని కొట్టేయడం నాకు అసలు నచ్చదు. అది ఏ గడ్డో చూసి ఇంగ్లీషు పేరు రాయమంటాను.

అందుకే తరగతికి గడ్డలే తీసుకెళతాను. కందగడ్డను విరిస్తే అంచు వెంట తెల్లని పాలు బొట్లుబొట్లుగా ఉబికి, వేళ్లకు జిగురుగా అంటుకుంటాయి. పచ్చిదే కొరికినా తియ్యగా ఉంటుంది. రెండో కందను మాత్రం బల్ల మీద చూపించడమే, పిల్లల చేతికివ్వను. అందులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా గుచ్చుకుని దురద పెడతాయి. చింతపండు వేసి వండేది ఆ దురద తగ్గడానికే. వంట రాసేటప్పుడు ఈ రెండు పేర్లూ తారుమారైతే తిన్నవారి గొంతు మండుతుంది.

అపోహ: ఎలిఫెంట్ ఫుట్ యామ్ అసలైన యామే.

వాస్తవం: పేరులో తప్ప కాదు. అది చామగడ్డ కుటుంబానిది. అసలు యామ్ డయాస్కోరియా అనే తీగజాతి గడ్డ. ఆ జాతిలో మనకు తెలిసినది పెండలం. యామ్ అన్న మాట పశ్చిమాఫ్రికా భాషల్లో పుట్టి, పోర్చుగీసు మీదుగా ఇంగ్లీషుకు చేరింది. ఆ భాషల్లో తినడాన్ని, రుచి చూడడాన్ని చెప్పే మాటలకు దగ్గరి చుట్టం.

అపోహ: అమెరికాలో స్వీట్ పొటాటోను యామ్ అంటారు కాబట్టి మనమూ అనవచ్చు.

వాస్తవం: అక్కడ స్థిరపడిన నా పాత విద్యార్థిని ఒకసారి దుకాణంలో ఫోటో తీసి పంపింది. “సార్, ఇక్కడ కందగడ్డల మీద యామ్ అనే రాశారు, మీరేమో మార్కులు తీసేశారు!” ఆమె చూసింది నిజమే. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారు, తమ ఊరి గడ్డను పోలి ఉందని, అమెరికాలో దొరికే మెత్తని స్వీట్ పొటాటోను ఆ పేరుతో పిలిచేవారు. 1930ల్లో లూసియానా రైతులు నారింజ రంగు గుజ్జున్న రకాన్ని తెల్లరకం నుంచి వేరుగా చూపడానికి అదే పేరుతో అమ్మారు. అది ఆ దేశపు వాడుక. మన పిల్లలు రాసేటప్పుడు స్వీట్ పొటాటో అంటేనే అందరికీ తెలుస్తుంది.

అపోహ: స్వీట్ పొటాటో ఆలుగడ్డలో తియ్యని రకం.

వాస్తవం: ఆలుగడ్డ టమాటా, వంకాయల బంధువు. స్వీట్ పొటాటో తూటికూరకు చుట్టం. ఆలుగడ్డ ఉబ్బిన కాండం, కందగడ్డ ఉబ్బిన వేరు. పేరు విషయంలో అయితే స్వీట్ పొటాటోదే పెద్దరికం. కరీబియన్ దీవుల్లోని తైనో భాషలో ‘బటాటా’ అంటే ఈ తియ్యని గడ్డే. ఇంగ్లీషులోనూ పొటాటో అంటే మొదట్లో ఇదే. తర్వాత వచ్చిన ఆలుగడ్డ ఆ పేరును లాక్కుంది. పాతదానికి ‘స్వీట్’ తగిలించుకోక తప్పలేదు.

కర్రపెండలం కూడా యామ్ కాదు, కసావా. మనదేశంలో ఇంగ్లీషులో టాపియోకా అనే అంటారు.

రాసేటప్పుడు స్వీట్ పొటాటో రెండు మాటలు. బహువచనంలో ‘ఎస్’ ముందు ‘ఇ’ రావాలి. ఉడకబెట్టి మెదిపాక లెక్కపెట్టలేం కాబట్టి, అప్పుడు ఏకవచనంలో రాయవచ్చు.