జపాను రాగి కెటిల్‌కు చింతపండు పనికిరాదు

జపాను కుటుంబంలో కోడలిగా అడుగుపెట్టిన ఒక పాఠకురాలు, భర్త తాతయ్య నాయనమ్మల నుంచి వచ్చిన రాగి కెటిల్ బాగా నల్లబడిందనీ, మన ఇళ్లలో లాగా చింతపండుతో తోమవచ్చా అనీ అడిగారు. దయచేసి తోమవద్దు. ఆ నలుపులో చాలా భాగం మురికి కాదు, కళాకారుడు కోరి తెప్పించిన రంగు.

నీగాత ప్రాంతంలోని త్సుబమే పట్టణంలో 1816 నుంచి నడుస్తున్న గ్యొకుసెన్‌దో అనే రాగి పాత్రల కార్ఖానా వంటి చోట్ల, రాగి రేకును సుత్తితో కొడుతూ, గట్టిపడినప్పుడల్లా కాల్చి మెత్తబరుస్తూ కెటిల్‌గా మలుస్తారు. నన్ను అబ్బురపరిచేది ఆ తరువాతి ఘట్టం. రాగికి పట్టే పచ్చని చిలుము, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపిన పలుచని నీటిలో పాత్రను మరిగిస్తారు. నీటిలోని రాగి అయాను మీద రెండు ధనావేశాలు ఉంటాయి, పాత్రలోని రాగి పరమాణువు మీద ఏమీ ఉండదు. అవి రెండూ కలిసి చెరొక ఆవేశం పంచుకొని, నీటి నుంచి ఆక్సిజన్‌ను తీసుకొని, క్యుప్రస్ ఆక్సైడు అనే సన్నని పొరగా పాత్రకు అంటుకుంటాయి. ఈ చర్యలో ఆమ్లం కూడా పుడుతుంది, క్షార గుణం గల చిలుము దానిని పీల్చుకోవడం వల్ల పొర నిలుస్తుంది. ఆ పొర నీలి, ఆకుపచ్చ కాంతులను మింగివేస్తుంది కనుక పాత్ర ఎర్రని గోధుమ వన్నెలో కనబడుతుంది. ముందుగా పొటాషియం సల్ఫైడు పట్టించి ఉంటే ఛాయ మరింత ముదురుతుంది. రాగిలో కొద్ది శాతం బంగారం కలిపిన షకుదో మిశ్రమమైతే ఇదే నీటిలో ఊదా ఛాయ గల నలుపుకు తిరుగుతుంది.

చింతపండులోని టార్టారిక్ ఆమ్లం సరిగ్గా ఈ చర్యనే వెనక్కి నడిపిస్తుంది: ఆక్సైడు విడిపోయి సగం రాగి లోహంగా మిగులుతుంది, సగం పులుసు నీటిలో కరిగిపోతుంది. మన బిందెకు అది మేలే, ఎందుకంటే దాని మీది పొరను ఎవరూ పనిగట్టుకొని పెంచలేదు.

పచ్చని చిలుము కనబడినా హడలిపోనక్కరలేదు. దానిని ఘోరమైన విషమని జపానులో ఎంతోకాలం నమ్మారు, పిల్లలకూ అలాగే బోధించారు. జంతువులపై పరీక్షల తరువాత 1984లో అక్కడి ఆరోగ్య శాఖ అది అంత ప్రమాదకరం కాదని ప్రకటించింది. పరీక్షకు నిలవని భయాన్ని పాఠంగా చెప్పడం నాకు ఎక్కడైనా బాధ కలిగిస్తుంది.

నిజంగా చూసుకోవలసినది పాత్ర లోపలి తగరపు కళాయి. అది అరిగి రాగి బయటపడితే పుల్లని పదార్థాలేవీ అందులో కాచకూడదు. మళ్ళీ కళాయి పూయించుకోవాలి. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కాబట్టి, నీళ్లు పోయకుండా కెటిల్‌ను ఎన్నడూ పొయ్యి మీద పెట్టకూడదు. పైభాగానికి మెత్తని పొడి గుడ్డ చాలు.