'సార్' అంటే బానిస అనా? 'సీనియర్' చుట్టూ తిరిగే అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో గ్రూప్స్‌కు, ఎస్ఐ పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లిష్ చెప్తుంటాను. టెన్సుల మీద, ఆర్టికల్స్ మీద అడిగే డౌట్ల కన్నా మాటల పుట్టుక మీద అడిగేవే ఎక్కువ. అందులో 'సీనియర్', దాని చుట్టాలైన మాటల గురించి వాట్సాప్‌లో తిరిగే కథలకైతే అంతే లేదు.

అపోహ: 'సర్' (ఎస్-ఐ-ఆర్) అంటే 'స్లేవ్ ఐ రిమెయిన్', అంటే 'నేను బానిసగానే ఉంటాను' అని. తెల్లోళ్లు మనతో బానిస మాట పలికించారు.

ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఈ మెసేజ్ ఫోన్‌లో చూపిస్తారు. మొన్న ఒక పిల్లగాడు లేచి, "సార్, ఇగ మిమ్మల్ని సార్ అనొద్దట సార్. మరేమని పిలవాలె సార్?" అన్నాడు. క్లాసంతా నవ్వు.

వాస్తవం: లాటిన్‌లో 'సెనెక్స్' అంటే ముసలివాడు. దాని నుంచే వచ్చిన 'సీనియర్' అంటే 'ఇంకొకరి కన్నా పెద్దవాడు'. జనం నోళ్లలో నలిగి నలిగి అదే మాట పాత ఫ్రెంచిలో 'సీర్' అయింది. అది ఇంగ్లిష్‌కు వచ్చి రాజుల విషయంలో 'సైర్'గా మిగిలి, పేరు ముందు తేలికగా పలికే చోట 'సర్' అయింది. అంటే సీనియర్, సర్ ఒకే తల్లి పిల్లలు. స్పానిష్ 'సెన్యోర్', ఇటాలియన్ 'సిన్యోర్', ఫ్రెంచి 'మస్యూ'లో చివరి ముక్క, అన్నీ ఆ ఇంటివే. 13వ శతాబ్దం చివరికే నైట్ల (బిరుదు పొందిన యోధుల) పేర్ల ముందు సర్ ఉంది. మొదటి అక్షరాలు కలిపి మాట చేసే పద్ధతి ఇంగ్లిష్‌లో బాగా వాడుకలోకి వచ్చింది 20వ శతాబ్దంలో. 'ఆక్రోనిమ్' అన్న పేరే 1940 ప్రాంతంలో పుట్టింది. కాబట్టి పాత మాటలకు ఎవరైనా ఫుల్ ఫామ్ చెప్తే ముందు అనుమానించండి. 'న్యూస్' అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే నాలుగు దిక్కుల కథ కూడా ఈ బాపతే.

మరి మన దగ్గర ఈ కథ ఇంత గట్టిగా ఎందుకు నాటుకుంది? నాకు తోచింది చెప్తాను. "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అని తాతలు గడీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ నేల ఇది. బాంచ అంటే బానిసే. పెద్దవాణ్ని పిలిచే మాటలోనే బానిసత్వం ఉండటం మనవాళ్లకు కొత్త కాదు, అందుకే నమ్మబుద్ధవుతుంది. పైగా బ్రిటిష్ కాలపు అర్జీల చివర 'యువర్ ఒబీడియెంట్ సర్వెంట్' అని రాసేవాళ్లు. ఆ జ్ఞాపకం కూడా తోడై ఉంటుంది.

సర్ అనడం మానాలా వద్దా అన్నది వేరే చర్చ. కేరళ పాలక్కాడ్ జిల్లాలో మాత్తూర్ పంచాయతీ 2021లో తమ ఆఫీసులో సర్, మేడం అనక్కర్లేదని తీర్మానం చేసింది. బాగుంది. దానికి దొంగ ఫుల్ ఫామ్ అవసరం పడలేదు కదా!

ఇంకో ముచ్చట. ముఖం మాడ్చుకుని కసురుకునేవాణ్ని ఇంగ్లిష్‌లో 'సర్లీ' అంటారు. ఇప్పుడు ఎస్-యు-ఆర్‌తో రాస్తున్నారు గానీ, మొదట్లో ఎస్-ఐ-ఆర్‌తోనే రాసేవాళ్లు. దొరలా పెత్తనం చూపేవాడని అప్పటి అర్థం. కొన్ని ఆఫీసుల్లో కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకు వివరం అక్కర్లేదు.

అపోహ: 'సర్ కాటన్', 'సర్ రామన్' అనొచ్చు.

వాస్తవం: బిరుదుగా వచ్చే సర్ మొదటి పేరుకు తగలాలి, ఒట్టి ఇంటిపేరుకు కాదు. సర్ ఆర్థర్ కాటన్ అనొచ్చు, సర్ ఆర్థర్ అనొచ్చు. సర్ కాటన్ తప్పు. మన రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులు రద్దు చేసింది కాబట్టి మనకు కొత్త సర్‌లు లేరు. మనం పేరు వెనక పెట్టే సార్ వేరు. కాకతీయ యూనివర్సిటీకి వీసీగా చేసిన జయశంకర్ గారిని తెలంగాణ అంతా 'జయశంకర్ సార్' అంటుంది. దానికి ఏ రాణీ అనుమతీ అక్కర్లేదు.

అపోహ: సీనియర్ అనే మాట మన 'సనాతన' నుంచే పోయింది.

వాస్తవం: సగం నిజం ఉంది, అందుకే తిప్పికొట్టడం కష్టం. సంస్కృతంలో 'సన' అంటే పాత. సనాతన ఆ వైపు నుంచి వచ్చిందే. లాటిన్ సెనెక్స్‌కూ దీనికీ మూలం ఒకటే. కానీ ఒకటి ఇంకోదాన్ని కనలేదు. రెండూ అంతకన్నా పాత భాష నుంచి చీలిన అన్నదమ్ముల పిల్లలు.

పోలిక వేరులోనే కాదు, తోకలోనూ ఉంది. 'స్వర్గాదపి గరీయసి' అంటాం. గరీయసి అంటే 'కన్నా గొప్పది', స్వర్గం కన్నా. ఆ 'ఈయస్', సీనియర్ చివర 'ఇయర్' ఒకే పాత ప్రత్యయం నుంచి వచ్చాయి. సీనియర్ అన్నప్పుడల్లా 'ఎవరి కన్నా?' అన్న ప్రశ్న లోపలే దాగి ఉంటుందన్నమాట. జూనియర్ కూడా అంతే, 'ఇంకొకరి కన్నా చిన్న'.

అపోహ: సీనియర్ అంటే పెద్ద పోస్టు, లేదా పెద్ద వయసు.

వాస్తవం: ఎక్కడ వాడారో చూడాలి. పాత రోమ్‌లో 46 దాటినవాళ్లు సీనియర్లు. చిన్నవాళ్లు బయటికి యుద్ధానికి వెళ్తే వీళ్లు ఊరికి కాపలా ఉండేవాళ్లు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో 60 నిండితే సీనియర్ సిటిజన్. సర్కారు కొలువులో వయసుతో పని లేదు. ఒకే నోటిఫికేషన్‌లో సెలెక్టయితే మెరిట్ జాబితాలో ముందున్నవాళ్లే సీనియర్. ముప్పై ఏళ్లాయన ఇరవై నాలుగేళ్ల అమ్మాయికి జూనియర్ కావచ్చు. మనకు సీనియర్ ఇంటర్ అంటే రెండో ఏడు. అమెరికా కాలేజీలో సీనియర్ అంటే నాలుగో ఏడు.

కోర్టు దగ్గర అయితే ఇంకా తికమక. కుర్ర వకీలు "మా సీనియర్ వస్తున్నడు" అంటే తాను ఎవరి దగ్గర పని నేర్చుకుంటున్నాడో ఆయన అని. చట్టంలో 'సీనియర్ అడ్వకేట్' వేరు. అడ్వకేట్స్ యాక్ట్ 16వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు గానీ హైకోర్టు గానీ ఇచ్చే హోదా అది. ఆ హోదా వచ్చాక ఆయన సొంతంగా వకాలత్ వేయకూడదు, ఇంకో వకీలు పక్కన ఉండాలి. జుట్టు నెరిసిన ప్రతి వకీలు బోర్డు మీదా అది రాసుకోవడానికి లేదు.

అపోహ: 'సీనియర్ దాన్ మీ' అంటే తప్పేముంది?

వాస్తవం: పరీక్షలో మార్కు పోతుంది. లోపలే 'కన్నా' ఉన్న సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్, ప్రయర్, ఈ ఐదింటి తర్వాత ఇంగ్లిష్‌లో 'దాన్' రాదు, 'టు' వస్తుంది. 'సీనియర్ టు మీ బై టూ ఇయర్స్' అని రాయండి. 'మోర్ సీనియర్' పూర్తిగా తప్పని కొన్ని గైడ్లలో ఉంటుంది గానీ, హోదా గురించి చెప్పేటప్పుడు మంచి ఇంగ్లిష్ పత్రికలే 'మోర్ సీనియర్ ఆఫీసర్' అని వాడతాయి. 'సీనియర్ టు మీ' ఇచ్చిన ఆప్షన్ కనిపిస్తే మాత్రం ఇంకేం ఆలోచించకుండా దాన్నే పెట్టండి. ఇక 'ఎల్డర్ దాన్ మీ' కూడా తప్పే. అన్నను 'ఎల్డర్ బ్రదర్' అనొచ్చు, పోల్చేటప్పుడు మాత్రం 'ఓల్డర్ దాన్ మీ' అనాలి.