గద్ద తన్నుకుపోయేది కాళ్లతోనే: వేట పక్షుల మీద అపోహలు, వాస్తవాలు

పన్నెండేళ్లుగా గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పొలాల్లో, కృష్ణ కరకట్ట మీద, కొండపల్లి అడవి అంచున పక్షులను చూస్తున్నాను. ఆసక్తి ఉన్నవాళ్లను వెంటబెట్టుకెళ్లి చూపిస్తున్నాను. గాయపడ్డ గద్దలకు, గుడ్లగూబలకు చేతనైనంత సాయం చేస్తున్నాను. వేటాడే పక్షి దగ్గరగా కనబడగానే మనవాళ్లకు ముందు భయం వేస్తుంది, తర్వాత కోపం వస్తుంది. ఆ రెండూ పుట్టేది ఇదిగో, ఈ అపోహల నుంచే.

అపోహ: గద్ద ముక్కుతో పొడిచి చంపుతుంది.

మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కోడిపిల్లను గద్ద "తన్నుకుపోయింది" అంటాం కానీ పొడుచుకుపోయింది అనం. గద్దకైనా డేగకైనా ఆయుధం కాళ్లే. ముక్కు ఎక్కువగా చీల్చుకు తినడానికి పనికొస్తుంది.

మా పెరట్లో ఒక ఉదయం ఉడుతలన్నీ ఒక్కసారిగా కిచకిచమని గోల పెట్టాయి. తల తిప్పేలోపే ప్రహరీ అంచున చిన్న డేగ ఒకటి రివ్వున వచ్చి మునగచెట్టు కింద వాలింది. నాకు ఐదారడుగుల దూరం. కాళ్ల కింద ఉడుత పిల్ల. డేగ పొడవలేదు. వేళ్లు బిగిస్తోంది, కాస్త సడలిస్తోంది, మళ్లీ బిగిస్తోంది, పిండి పిసికినట్టు. రెక్కలు గొడుగులా పరిచి, నోరు తెరిచి రొప్పుతూ నన్నే చూస్తోంది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి "అయ్యో, రాముడు వీపు నిమిరిన ఉడుత! తోలు నాయనా దాన్ని" అని కేకలు. నేను తోలలేదు. అప్పటికే ఉడుత ప్రాణం పోయింది. తోలితే డేగ దాన్ని వదిలేసి పోతుంది, పోయి ఇంకో ఉడుతను పట్టుకుంటుంది. మనం కాపాడేది ఏమీ ఉండదు. ఆ సాయంత్రం పిన్నిగారికి ఇదే చెప్పాను. ఆవిడ మనసు మాత్రం కుదుటపడలేదు. అది కూడా న్యాయమే.

అపోహ: దాని కన్ను పడితే ఇక తప్పించుకోవడం ఉండదు.

నిజానికి ఎక్కువసార్లు ఓడిపోయేది వేటాడే పక్షే. చలికాలంలో తెనాలి వైపు మినుము చేలకు వెళ్లండి. వలస వచ్చిన పిల్లిగద్ద చేను మీద నడుము ఎత్తున, రెక్కలు కాస్త పైకెత్తి అటూ ఇటూ ఊగుతూ పోతుంటుంది. గుడ్లగూబకు ఉన్నట్టే ముఖం చుట్టూ ఈకల వలయం ఉంటుంది. ఆకుల కింద ఎలుక కదిలిన చప్పుడును అది చెవులకు చేరవేస్తుంది. ఒకరోజు గట్టు మీద కూర్చుని గంటసేపు లెక్కపెట్టాను. ఏడుసార్లు దిగింది, ఆరుసార్లు ఉత్త కాళ్లతోనే లేచింది. అలాంటప్పుడు ఫొటో కోసం బైకు వేసుకుని చేలో దాని వెంట పడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనం చెడగొట్టే ఒక్క దిగడం దానికి ఆ పూట తిండి కావచ్చు.

అపోహ: చంటిపిల్లలను ఎత్తుకుపోతుంది.

మన ఊళ్ల మీద తిరిగే నల్ల గద్ద మహా అయితే కిలో తూగుతుంది. మూడు కిలోల బిడ్డను ఎత్తడం దాని వల్ల కాదు. మేడ మీద ఆరబెట్టిన చేపలు, చేతిలోని మాంసం కవరు మాత్రం జాగ్రత్త.

అపోహ: తల మీదికి దూసుకొస్తే మనిషి మీద పగ పట్టిందని అర్థం.

మన దగ్గర గద్దలు ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ మధ్య గూళ్లు కడతాయి. కొబ్బరిచెట్టు, సెల్ టవర్, నీళ్ల ట్యాంకు, ఏదైనా సరే. పిల్లలున్నప్పుడు దగ్గరికొచ్చిన వాళ్లను బెదిరించి తరుముతాయి. మేడ మీదికి గొడుగు వేసుకుని వెళ్లండి, గూడు కనబడే వైపు నిలబడకండి. పిల్లలు ఎగిరిపోయాక ఆ గొడవ ఉండదు. గూడు పీకేయడం మాత్రం వద్దు.

అపోహ: నలభై ఏళ్లకు గద్ద ముక్కు విరగ్గొట్టుకుని కొత్త జన్మ ఎత్తుతుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది, పిల్లలకు పాఠంలా కూడా చెబుతున్నారు. ముసలి గద్ద కొండెక్కి, బండకేసి ముక్కు రాలగొట్టుకుని, గోళ్లూ ఈకలూ పీక్కుని, ఐదు నెలలకు కొత్తవి మొలిచాక ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుందట. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు.

ముక్కు లోపల ఎముక ఉంటుంది. దాని మీది తొడుగు మన గోళ్లలాగే పెరుగుతూ, తింటూ, కొమ్మలకు రుద్దుకుంటూ ఉంటే అరుగుతుంది. ఎముక దాకా విరిగితే మళ్లీ రాదు. ఈకలు ఏటా కొన్ని కొన్నిగా రాలి కొత్తవి వస్తాయి, అందుకే ఎగరడం ఆగదు. గాలిపటం దారానికి చిక్కి పై ముక్కు సగం పోయిన గద్ద ఒకటి ఒకసారి నా దగ్గరికి వచ్చింది. ఎదురుగా మాంసం పెట్టినా చీల్చుకోలేకపోయింది. చిన్న చిన్న ముక్కలు చేసి నోట్లో పెడితేనే మింగింది. పదకొండో రోజు చనిపోయింది. ఐదు నెలల ఉపవాసం కథ విన్నప్పుడల్లా నాకు ఆ పక్షే కళ్ల ముందు మెదులుతుంది.

అపోహ: చావుపిట్ట ఇంటి మీద అరిస్తే ఎవరో పోతారు.

తెల్లటి ముఖం గుడ్లగూబ అది. చిమ్మచీకట్లో కూడా చప్పుడును బట్టే ఎలుకను పడుతుంది. మీ ఇంటి మీద వాలిందంటే చుట్టుపక్కల ఎలుకలున్నాయని అర్థం. వరి చేలో పక్షులు వాలడానికి కర్రలు పాతే రైతును అడగండి, దాని విలువ ఏంటో చెబుతాడు.

అపోహ: గాయపడ్డ పక్షికి ముందు నీళ్లు తాగించాలి.

వద్దు. నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం అసలే వద్దు. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పెట్టి, మూసి, చప్పుడు లేని చోట ఉంచి అటవీ శాఖకు ఫోన్ చేయండి. ఇంట్లో పెంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. పెట్టెలో పెట్టేటప్పుడు చాలామంది ముక్కుకు భయపడి తల పట్టుకోబోతారు, గోళ్లు అరచేతిలో దిగుతాయి. వెనక నుంచి మందపాటి తువ్వాలు కప్పి, రెక్కలు దగ్గరికి చేర్చి, తల కంటే ముందుగా కాళ్లను పట్టుకోవాలి.